నడుం నొప్పి అనుకుంటే మైలోమా అన్నారు.. మందులతో పాటు 'తోటి పేషెంట్' తోడు ఎందుకు కావాలంటే?

నడుం నొప్పి. వయసు మీద పడింది కదా అని సర్దుకుపోతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకుంటారు. నాలుగు రోజులు తగ్గుతుంది.. మళ్లీ మొదలు. ఇలా నెలలు గడిచాక ఒకరోజు విపరీతమైన నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ, క్రియాటినిన్ ఎక్కువ. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపిస్తారు. అక్కడ డాక్టర్ చెప్పే పేరు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విననిది.. మల్టిపుల్ మైలోమా.

చాలా కుటుంబాల్లో ఈ జబ్బు కథ ఇలాగే మొదలవుతుంది. అది ఒక రకం రక్త క్యాన్సర్ అని తెలియగానే ఇంట్లోవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట కూడా దాదాపు ఒకటే. "ఆయనకు మాత్రం చెప్పకండి సార్.. తట్టుకోలేరు."

ప్రేమతోనే అంటారు ఆ మాట. కానీ అక్కడి నుంచే పేషెంట్ ఒంటరి అయిపోతాడు. ఈ జబ్బుతో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లు, వాళ్లను చూసుకుంటున్న కుటుంబాలు ఒకరికొకరు తోడుగా నిలబడితే ఏం మారుతుంది? డాక్టర్ ఉండగా ఇంకో పేషెంట్‌తో పనేంటి? వివరంగా చూద్దాం.

అసలు మైలోమా అంటే ఏంటి?

మన ఎముకల లోపల మూలుగ ఉంటుంది. డాక్టర్లు బోన్ మ్యారో అంటారు. రక్త కణాలు తయారయ్యేది అక్కడే. ఆ మూలుగలో ప్లాస్మా కణాలు అని ఒక రకం ఉంటాయి. ఇన్‌ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలను తయారు చేయడం వీటి పని. ఈ ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగిపోతే అదే మైలోమా. ఇవి పనికిరాని ఒకే రకం ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. దాన్నే 'ఎం ప్రోటీన్' అంటారు.

దీనివల్ల నాలుగు ప్రధాన సమస్యలు వస్తాయి. రక్తంలో కాల్షియం పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతింటాయి. రక్తహీనత వస్తుంది. ఎముకలు గుల్లబారి, చిన్నపాటి ఒత్తిడికే విరుగుతాయి. అందుకే కొందరు ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తారు, ఇంకొందరు కిడ్నీ డాక్టర్ దగ్గరికి. అసలు జబ్బు బయటపడేసరికి ఆలస్యం అవుతుంది.

మొత్తం క్యాన్సర్లలో ఇది సుమారు 1 శాతం, రక్త క్యాన్సర్లలో సుమారు 10 శాతం. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా 70 ఏళ్లకు కాస్త అటూఇటూగా బయటపడుతుంది. మన దేశంలో దాదాపు పదేళ్లు ముందే కనిపిస్తోంది. అంటే పొలం పనో, ఉద్యోగమో చేస్తూ, పిల్లల పెళ్లిళ్ల గురించి ఆలోచిస్తున్న వయసులోనే వచ్చి పడుతోంది.

నటి, మాజీ ఎంపీ కిరణ్ ఖేర్‌కు మైలోమా ఉన్నట్లు 2021లో ఆమె భర్త అనుపమ్ ఖేర్ వెల్లడించారు. బిహార్ జానపద గాయని శారదా సిన్హా ఈ జబ్బుతో కొన్నేళ్లు పోరాడి 2024 నవంబర్‌లో కన్నుమూశారు. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడే ఈ పేరు జనంలో కాస్త వినిపిస్తుంది. మళ్లీ మరచిపోతారు.

ఈ జబ్బులో తోడు ఎందుకంత అవసరం?

మైలోమాకు ఇప్పుడు మంచి మందులు ఉన్నాయి. చాలామందిలో జబ్బు అదుపులోకి వస్తుంది. కానీ పూర్తిగా పోయిందని చెప్పడం కష్టం. కొంతకాలం శాంతించి, మళ్లీ తిరగబెట్టే స్వభావం దీనిది. అందుకే చికిత్స ఆరు నెలలతో అయిపోదు. ఏళ్ల తరబడి మందులు, నెలనెలా రక్త పరీక్షలు, రిపోర్టు వచ్చేదాకా గుండె దడ.

ఇంకో చిక్కు ఉంది. మనిషి పైకి బాగానే కనిపిస్తాడు. "నీకేంటయ్యా, బాగానే ఉన్నావుగా" అంటారు చుట్టాలు. లోపల మాత్రం అరికాళ్లలో మంటలు, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. మైలోమా ఉన్నవాళ్లు ఊరంతా వెతికినా ఒక్కరు కూడా కనిపించకపోవచ్చు. ఆ ఒంటరితనానికి మందు షాపులో మాత్ర దొరకదు.

ఇంట్లోవాళ్లు "నీకేం కాదు" అంటారు. అది ధైర్యం చెప్పడం. అదే జబ్బుతో ఐదేళ్లుగా తిరుగుతున్న మనిషి పక్కన కూర్చుని "నాకూ అట్లాగే ఉండేది అన్నా, మూడో నెలకు తగ్గింది" అంటే అది నమ్మకం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

డాక్టర్ చెప్పేది వేరు.. తోటి పేషెంట్ చెప్పేది వేరు

ఓపీలో డాక్టర్‌కు దొరికేది కొన్ని నిమిషాలే. ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు రావాలి.. అంతవరకే సమయం సరిపోతుంది. ఆ మందుతో ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో చెప్పగలిగేది ఆ దారిలో నడిచినవాళ్లే.

ఉదాహరణకు డెక్సామెథసోన్. మైలోమా చికిత్సలో చాలామందికి వారానికోసారి ఇచ్చే స్టెరాయిడ్ ఇది. ఆ మాత్ర వేసుకున్న రాత్రి నిద్ర పట్టదు. ఎన్నడూ లేని హుషారు, ఉన్నట్టుండి చిరాకు, కోపం. రెండు రోజుల తర్వాత ఒక్కసారిగా నీరసం. ఇది మందు ప్రభావం అని తెలియక 'ఈ మనిషి ఇలా మారిపోయాడేంటి' అని భార్యాపిల్లలు బాధపడతారు. అనుభవం ఉన్న కుటుంబం ఒక్క మాట చెబితే చాలు.. "ఆ రెండు రోజులు పెద్ద విషయాలేవీ మాట్లాడుకోవద్దమ్మా. మాత్ర పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. షుగర్ కూడా చూసుకోండి." ఇంట్లో సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లలో కొందరికి కాళ్లు, చేతుల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు నొప్పి వస్తాయి. 'క్యాన్సర్ కంటే ఇదెంత' అని చాలామంది చెప్పకుండా ఓర్చుకుంటారు. నిజానికి ముందుగా చెబితే డాక్టర్లు డోసు తగ్గిస్తారు, లేదా ఇంజెక్షన్ల మధ్య గడువు పెంచుతారు. ఆలస్యం చేస్తే నరాల దెబ్బ అలాగే ఉండిపోవచ్చు. 'ఓర్చుకోవద్దు, చెప్పు' అని తోటి పేషెంట్ అంటే వినే అవకాశం ఎక్కువ.

స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ సంగతీ అంతే. పేరు వింటేనే ఆపరేషన్ అనుకుని భయపడతారు. ఇందులో కోత ఏమీ ఉండదు. మైలోమాలో సాధారణంగా పేషెంట్ సొంత మూలకణాలనే రక్తం నుంచి సేకరించి దాచిపెడతారు. తర్వాత మెల్ఫలాన్ అనే బలమైన కీమో ఇచ్చి, ఆ కణాలను రక్తం ఎక్కించినట్టే తిరిగి ఎక్కిస్తారు. రెండు మూడు వారాలు ఆసుపత్రిలో విడిగా ఉండాలి. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది. మెల్ఫలాన్ ఎక్కించే సమయంలో నోట్లో ఐస్ ముక్కలు పెట్టుకుంటే నోటిపూత తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. ఇలాంటి చిన్న విషయం ముందే తెలిస్తే ఆ వారం అన్నం ముద్ద మింగడానికి పడే యాతన తగ్గుతుంది.

ఖర్చుల దగ్గర కూడా తోటివాళ్ల మాటే పనికొస్తుంది. చికిత్స కోసం వెళ్లే క్యాన్సర్ పేషెంట్లకు రైల్వే రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంట్‌కు పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం. ఆసుపత్రి నుంచి నిర్ణీత పత్రం తీసుకుంటే చాలు. ఈ సంగతి తెలియక ఏడాది పాటు పూర్తి టికెట్ కొనుక్కుని తిరిగే కుటుంబాలకు, తెలిసినవాళ్లు ఒక్కరు తగిలితే చాలు.

జబ్బు చరిత్రనే మార్చిన కుటుంబాలు

మైలోమా విషయంలో పేషెంట్లు, కుటుంబాలు చేసింది ఓదార్పు ఒక్కటే కాదు. అమెరికాలో బ్రయాన్ నోవిస్ అనే యువకుడికి ముప్పైల వయసులో ఈ జబ్బు వచ్చింది. తనలాంటి వాళ్లకు సమాచారం ఎక్కడా దొరకడం లేదని గ్రహించి, భార్య సూసీ, డాక్టర్ బ్రయాన్ డ్యూరీతో కలిసి 1990లో ఇంటర్నేషనల్ మైలోమా ఫౌండేషన్‌ను స్థాపించారు. రెండేళ్లకే ఆయన చనిపోయారు. సంస్థ మాత్రం ఆగలేదు. పేషెంట్ల సహాయ బృందాలను నడపడం, పుస్తకాలు ముద్రించడం, డాక్టర్లతో సదస్సులు పెట్టడం ఇప్పటికీ కొనసాగిస్తోంది. ఏటా మార్చి నెలను మైలోమా అవగాహన నెలగా జరుపుతోంది కూడా ఈ సంస్థే.

ఇంకో కథ బెత్ వోల్మర్‌ది. ఆమె భర్త ఐరా ఓ గుండె డాక్టర్. చిన్న వయసులోనే మైలోమా వచ్చింది. ఉన్న చికిత్సలన్నీ అయిపోయాయి. బెత్ ఊరుకోలేదు. దొరికిన వైద్య వ్యాసమల్లా చదివి, తెలిసిన ప్రతి నిపుణుడికీ ఫోన్ చేశారు. అలా డాక్టర్ జుడా ఫోక్‌మన్‌ను సంప్రదించినప్పుడు థాలిడోమైడ్ మాట వచ్చింది. 1950ల చివర్లో గర్భిణులకు ఇచ్చి, వేలాది మంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టడానికి కారణమైన మందు అది. 1997 చివర్లో అమెరికాలోని ఆర్కాన్సాలో ఐరాకు ఆ మందు ఇచ్చారు. ఆయనకు పని చేయలేదు. 1998లో చనిపోయారు. కానీ అదే మందు తీసుకున్న ఇతర పేషెంట్లలో ఫలితం కనిపించింది.

84 మంది పేషెంట్లపై చేసిన ఆ పరీక్షల వివరాలు 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మిగతా మందులకు లొంగని వారిలో దాదాపు మూడో వంతు మందికి ఇది పని చేసింది. ఆ వ్యాసంలో మొదటి పేరు డాక్టర్ సీమా సింఘాల్‌ది. థాలిడోమైడ్ దారిలోనే తర్వాత లెనలిడోమైడ్ వచ్చింది. ఈరోజు మన దగ్గర వేలమంది వాడుతున్న మాత్ర ఇదే. దీని జెనరిక్ తయారీలో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్ ముందున్నాయి. 2022లో అమెరికా మార్కెట్‌కు కూడా ఈ జెనరిక్ వెళ్లింది. భర్తను కాపాడుకోవాలని ఒక భార్య చేసిన ఫోన్ కాల్స్ ఫలితం ఎక్కడో ఉన్నవాళ్లకు మందు రూపంలో అందింది.

కాథీ జుస్టీకి 1996లో, 37 ఏళ్ల వయసులో మైలోమా వచ్చింది. కవల సోదరి కరెన్‌తో కలిసి 1998లో మల్టిపుల్ మైలోమా రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. కొత్త మందుల పరిశోధనకు నిధులు, నమూనాలు సమకూర్చడంలో ఈ సంస్థ పాత్ర పెద్దది.

దాచిపెడితే ఏమవుతుంది?

మళ్లీ మన ఇళ్ల దగ్గరికి వద్దాం. పేషెంట్‌కు జబ్బు పేరు చెప్పకపోతే ఏమవుతుంది? 'రక్తం తక్కువుంది, ఇంజెక్షన్లు వేస్తున్నారు' అని చెప్పి తీసుకెళ్తారు. ఆయన మాత్రం క్యాన్సర్ ఆసుపత్రి బోర్డు చూస్తాడు. కీమో వార్డులో పక్క బెడ్లను చూస్తాడు. చాలామందికి విషయం అర్థమైపోతుంది. ఇంట్లోవాళ్లు బాధపడతారని తెలియనట్టు నటిస్తారు. ఒకే ఇంట్లో అందరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ బతుకుతారు.

నష్టం అక్కడితో ఆగదు. జబ్బు సంగతి తెలియని మనిషి నొప్పి రాగానే పాత అలవాటు ప్రకారం మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కుంటాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మైలోమా పేషెంట్ కిడ్నీలకు ప్రమాదకరం. గుల్లబారిన వెన్నుపూస మీద మసాజ్ చేయించుకున్నా, బరువులు ఎత్తినా ఎముక విరగవచ్చు. జ్వరాన్ని మామూలు జ్వరమే అనుకుంటే ఇన్‌ఫెక్షన్ ముదిరిపోతుంది. తనకేముందో తెలిసినవాడే తనను కాపాడుకోగలడు.

అలాగని తొలిరోజే అన్నీ ఒకేసారి చెప్పేయాలని కాదు. 'మీ జబ్బు గురించి ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారు?' అని ముందు ఆయన్నే అడగాలి. డాక్టర్ సమక్షంలో, ఇంట్లో ఒకరు పక్కన ఉండగా, చికిత్స ఉందన్న మాటతో కలిపి చెప్పాలి. ఆ తర్వాత ఇదే జబ్బుతో మెరుగ్గా ఉన్న ఒక మనిషిని కలిపిస్తే భయం సగం దిగుతుంది.

చూసుకునేవాళ్లను ఎవరు చూసుకుంటారు?

పేషెంట్ ఎలా ఉన్నాడని అందరూ అడుగుతారు. ఆయన భార్య ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. తెల్లవారుజామున బస్సెక్కి ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఫైలు మోయడం, స్కీమ్ కౌంటర్ దగ్గర నిలబడటం, ఇంటికొచ్చి పత్యం వండటం.. అంతా ఆమే. అలసటగా ఉందని చెప్పడం కూడా తప్పన్నట్టు అనిపిస్తుంది ఆమెకు. అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న పిల్లలు రాత్రిళ్లు ఫోన్ చేసి 'ఆ మందు ఎందుకు ఇవ్వడం లేదు, ఈ టెస్టు ఎందుకు చేయలేదు' అని అడుగుతారు. వాళ్లదీ ఆందోళనే. కానీ జవాబు చెప్పుకోవాల్సింది ఈమె.

అందుకే సహాయ బృందాల్లో కుటుంబ సభ్యులకు విడిగా మాట్లాడుకునే చోటు ఉండాలి. పేషెంట్ ముందు అనలేని మాట.. 'నాకూ విసుగొస్తోంది, డబ్బులు ఎలా అని భయంగా ఉంది'.. అదే స్థితిలో ఉన్న ఇంకో ఇల్లాలి దగ్గర అనేయవచ్చు. అలా అన్నంత మాత్రాన ప్రేమ తగ్గినట్టు కాదు.

గ్రూపులో చేరితే ఆయుష్షు పెరుగుతుందా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ ముదిరిన 86 మంది మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 1989లో లాన్సెట్‌లో వచ్చింది. బృంద సమావేశాల్లో పాల్గొన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని అందులో తేలడంతో అందరూ ఆశ్చర్యపోయారు. అయితే 2001లో 235 మందిపై జరిగిన మరో పెద్ద అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదని తేలింది. కానీ మానసిక బాధ తగ్గింది, నొప్పి తీవ్రత కూడా తక్కువగా అనిపించింది. ముఖ్యంగా మొదటి నుంచీ ఎక్కువ కుంగిపోయినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది.

అంటే తోటివాళ్ల తోడు మందుకు బదులు కాదు. ఆ మందులతో గడిపే రోజులను కాస్త తేలిక చేసేది. అంతకు మించి ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు.

గ్రూపులో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

వాట్సాప్ గ్రూపైనా, ఆసుపత్రి హాల్లో కూర్చున్న పదిమందైనా కొన్ని హద్దులు ఉండాలి.

ఒకటి.. మందుల డోసు మార్చుకోమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ఇద్దరికీ జబ్బు పేరు ఒకటే కావచ్చు, కిడ్నీల పరిస్థితి, జన్యు మార్పులు వేరు. 'డాక్టర్‌ను ఇది అడుగు' అనాలి కానీ 'ఇది వేసుకో' అనకూడదు.

రెండు.. రిపోర్టుల్లో అంకెలను పోల్చుకోవద్దు. ఎం ప్రోటీన్, లైట్ చైన్ విలువలు ల్యాబును బట్టి మారతాయి. వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించుకోవడం మంచిది. ఒక్క రిపోర్టులో అంకె కొద్దిగా మారగానే జబ్బు తిరగబెట్టిందని కంగారు పడొద్దు. వరుసగా వచ్చే రిపోర్టుల తీరు చూసి డాక్టరే చెబుతారు.

మూడు.. చిట్కాలు. ఏ ఆకు రసమో, పొడో క్యాన్సర్‌ను తగ్గించేస్తుందన్న మెసేజ్ ప్రతి గ్రూపులోనూ తిరుగుతుంది. మంచిదే అనుకునే గ్రీన్ టీలోని ఒక పదార్థం కూడా బోర్టెజోమిబ్ మందు పనిని అడ్డుకుంటుందని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది. ఏం తీసుకున్నా డాక్టర్‌కు చెప్పే తీసుకోవాలి.

నాలుగు.. డబ్బు వసూళ్లు, మందుల అమ్మకాలు గ్రూపులో పెట్టకూడదు. ఎవరి రిపోర్టు, ఫొటో అయినా బయట షేర్ చేయకూడదు.

ఐదు.. గ్రూపులో ఒకరు చనిపోతారు. ఇది ఏ గ్రూపుకూ తప్పదు. దాన్ని దాచకుండా, అలాగని రోజంతా అదే చర్చ కాకుండా, ఆ కుటుంబాన్ని పలకరించే పద్ధతి ముందే అనుకోవాలి. కొన్ని రోజులు ఎవరైనా గ్రూపుకు దూరంగా ఉండాలనుకుంటే వదిలేయాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం ఆసుపత్రులు, విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్.. ఇలా పెద్ద కేంద్రాలకు జిల్లాల నుంచి పేషెంట్లు వస్తుంటారు. డే కేర్ వార్డులో పక్కపక్క కుర్చీల్లో ఇంజెక్షన్ కోసం ఎదురుచూసే ఆ రెండు గంటలే చాలామందికి తొలి సహాయ బృందం. "మొదటిసారా అన్నా?" అన్న ఒక్క పలకరింపుతో మొదలవుతుంది.

కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు తమ డాక్టర్‌ను, నర్సును, లేదా ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను 'ఇదే చికిత్స పూర్తి చేసినవాళ్లతో మాట్లాడించగలరా?' అని అడగొచ్చు. ఆ పేషెంట్ ఒప్పుకుంటేనే నంబర్ ఇస్తారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏయే చికిత్సలు వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి.

గ్రూపు పెట్టడానికి పెద్ద సంస్థే అక్కర్లేదు. ముంబైలోని వీ కేర్ సంస్థను 1994లో మొదలుపెట్టింది క్యాన్సర్ నుంచి బయటపడిన వందనా గుప్తానే. రెండు కుటుంబాలు ఉన్నా చాలు. నెలకోసారి, గంటసేపు, తెలుగులో. ఏడాదికి రెండు మూడుసార్లు ఒక డాక్టర్‌నో, డైటీషియన్‌నో పిలిస్తే అనుమానాలకు సరైన జవాబు దొరుకుతుంది.

ఇవి కనిపిస్తే గ్రూపులో అడగొద్దు.. వెంటనే ఆసుపత్రికి

కీమో తీసుకుంటున్నవాళ్లకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం వచ్చినా, నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, మూత్రం, మలం అదుపు తప్పినా, మూత్రం బాగా తగ్గినా, మనిషి మగతగా అయోమయంగా మాట్లాడుతున్నా, ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకూడదు. మెసేజ్ పెట్టి జవాబు కోసం చూసే సమయం కాదు అది.

ఇక నెలల తరబడి తగ్గని నడుం నొప్పి, దానికి తోడు నీరసం, రక్తహీనత ఉన్నవాళ్లు ఊరికే నొప్పి ఇంజెక్షన్లతో కాలం గడపొద్దు. రక్త పరీక్ష, క్రియాటినిన్, కాల్షియంతో పాటు 'సీరమ్ ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్' పరీక్ష అవసరమా అని డాక్టర్‌ను అడగాలి. అందరికీ మైలోమా ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం కిడ్నీలు, ఎముకలు దెబ్బతినకముందే తెలిస్తే చికిత్సకు బాగా లొంగుతుంది.

ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లు, వాళ్ల కుటుంబాలు ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక పని చేయొచ్చు. డే కేర్‌లో ఫైలు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న కొత్త ముఖం కనిపిస్తే పక్కన కూర్చుని పలకరించడం. తొలిరోజు తమకు ఎవరూ చెప్పని మాటను వాళ్లకు చెప్పడం.

(ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. చికిత్సకు సంబంధించిన ఏ నిర్ణయమైనా మీ డాక్టర్ సలహాతోనే తీసుకోండి.)